గంటకు తల తిప్పని పిల్లలు

నేను పుట్టుపిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బల్లులకు భయపడ్డాను, ఘాట్ రోడ్డు మీద బస్సుకు భయపడ్డాను, అన్నిటికీ మించి పై అధికారులకు భయపడ్డాను. అలాంటి నన్ను తీసుకెళ్ళి మద్దేడ్ అవతల అడవి పల్లెల్లో అంగన్‌వాడీల మీద సూపర్‌వైజరుగా వేశారు. కారణం ఒక్కటే. మా నాన్న గనుల్లో పనికని కోస్తా నుంచి సరిహద్దు దాటి కిరందుల్ వచ్చినవాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. "అక్కడివాళ్ళకు తెలుగు వస్తుంది, మీకూ వస్తుంది, ఇంకేం కావాలి?" అన్నారు ఆఫీసులో, హిందీలో. తీరా వెళ్తే టౌన్‌షిప్ క్వార్టర్లలో పెరిగిన నా తెలుగు విని ఆ ఊళ్ళ ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళ తెలుగులో వాళ్ళ ఇంటి భాష దోర్లీ కలిసేది, నా తెలుగులో హిందీ కలిసేది. ఎలాగో మధ్యలో ఒకచోట కలుసుకునేవాళ్ళం.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిల కోసమే ఇది రాస్తున్నాను. మీరు ఫోన్లో బొమ్మ నొక్కి పిల్లల ఎదుగుదల నమోదు చేస్తారు. నా ఆఖరి పోస్టింగులో నేనూ అదే చేశాను. ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అవే. బిడ్డ ఒంటికాలి మీద నిలబడుతుందా, దారానికి పూసలు గుచ్చుతుందా, తన పేరు తను చెబుతుందా, వెనక చప్పుడైతే తల తిప్పుతుందా.

ఈ చివరి ప్రశ్నకు గంట కావాలి. పైనుంచి ఇచ్చిన ప్లాస్టిక్ గిలక్కాయ మొదటి వానాకాలానికే మూగబోయింది. అందుకని మా ఇంటి పూజగంటను పాత చీరముక్కలో చుట్టి భుజం సంచిలో వేసుకుని తిరిగేదాన్ని. దేవుడి ముందు మోగాల్సిన గంటను పిల్లల వెనక మోగిస్తున్నావని మా అమ్మ సణిగేది.

అడవిలో పది పదిహేను ఇళ్ళున్న పల్లెను అక్కడ గుంపు అంటారు. నేను చెప్పబోయే కేంద్రం అలాంటి ఒక గుంపులో ఉంది. అక్కడి కార్యకర్త ఆ ఊరి కోడలే, వయసులో నాకంటే చాలా చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. మొదటిసారి వెళ్ళిన రోజు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి చింతగింజలు ఇచ్చాం. ఎర్రవి ఒకపక్క, నల్లవి ఒకపక్క వేరు చేస్తున్నారు. నేను చప్పుడు కాకుండా వాళ్ళ వెనక్కి వెళ్ళి గంట మోగించాను.

ఒక్క తల కూడా తిరగలేదు.

మళ్ళీ మోగించాను. ఊహూఁ. వరసంతా బిగుసుకుపోయి కూర్చుంది. ఊరు ఊరంతా చెవుడా? బోరు నీళ్ళలో ఏమైనా ఉందా? అప్పటికే మనసులో జిల్లా ఆసుపత్రికి జీపులు కట్టించేశాను, పై అధికారి ముందు నిలబడి చెమటలు కూడా కక్కేశాను. కార్యకర్త నా మొహం చూసి పకపకా నవ్వింది.

"తిర్గరు మేడమ్. ఎందుకు తిర్గుతరు? ఎనక సప్పుడైతే కదలొద్దని తల్లులు నేర్పుతరు గదా. కదిలితే గుడ్డెలుగు మీద పడ్తది."

గుడ్డెలుగంటే ఎలుగుబంటి. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. వెలుగు పడకముందే ఊరంతా చెట్ల కిందికి చేరుతుంది. సంవత్సరంలో సగం సంసారం ఆ పువ్వు మీదే నడుస్తుంది. పువ్వంటే మనుషులకెంత ఇష్టమో ఎలుగులకూ అంతే ఇష్టం. పిల్లల్ని ఇంట్లో వదిలేందుకు ఎవరూ ఉండరు కనుక వాళ్ళూ చెట్టు కిందికే వస్తారు. నడక వచ్చేసరికే ప్రతి బిడ్డకూ ఒక విద్య వచ్చేస్తుంది. ఎవరో ఒక ముసలమ్మ నీళ్ళు తెచ్చుకున్న ఎండు సొరకాయ బుర్ర మీద పుల్లతో టక్ టక్ మని కొడుతుంది. ఎలుగు దగ్గర్లో ఉందని దానర్థం. బుర్ర చప్పుడైనా, పొదలో అలికిడైనా, వెనక ఏం వినబడినా ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. తల తిప్పకూడదు, ఏడవకూడదు. అడవిలో చప్పుడంటే ఎలుగు ఒక్కటే కాదనుకోండి. మిగతావి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రోజు నుంచి మా లెక్క మార్చుకున్నాం. తల తిప్పితే కాదు, బిగుసుకుంటే చెవులు బాగున్నట్టు. మా తెలివికి మేమే మురిసిపోయాం. వరసలో అందరూ బిగుసుకున్నారు కాబట్టి అందరూ పాసయ్యారు.

ఆ వరసలో ఒక ఆడపిల్ల ఉంది. నాలుగేళ్ళు నిండబోతున్నాయి. కాళ్ళకు మువ్వల పట్టీలు, నూనె పెట్టి బిగించిన పిలక, మనిషి మొహంలోకి కళ్ళార్పకుండా చూసే అలవాటు. పేచీ లేదు, ఏడుపు లేదు. కేంద్రంలో అందరికంటే బుద్ధిమంతురాలని కార్యకర్త మురిసిపోయేది. మాటలు ఇంకా రాలేదేమని అడిగితే, "వాళ్ళ నాయన గూడ మాట తక్కువ మనిషే" అని తేల్చేసింది. నేనూ సరేననుకున్నాను.

తర్వాత ఒకసారి వెళ్ళినప్పుడు పిల్లలు గోడకు సుద్దతో గీతలు గీస్తున్నారు. సహాయిక చేతిలోంచి అన్నం గిన్నె మూత జారి బండ మీద పడి పెద్ద చప్పుడైంది. పిల్లలంతా ఆగిపోయారు. ఈ పిల్ల చేయి మాత్రం గోడ మీద సాగుతూనే ఉంది. గీత పూర్తయ్యాక పక్కపిల్లను చూసింది. ఆ పిల్ల కదలడం లేదని గమనించి, అప్పుడు తనూ ఆగిపోయింది.

ఆ పిల్లను ఒక్కదాన్నే గోడవైపు తిప్పి కూర్చోబెట్టి చింతగింజలిచ్చి, వెనక గంట మోగించాను. గింజలు ఏరుతూనే ఉంది. గంటను ఇంకా దగ్గరికి తెచ్చాను. ఏరుతూనే ఉంది. కార్యకర్త నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల చప్పుడు విని ఆగలేదు, పక్కవాళ్ళను చూసి ఆగింది. పాసు చేసింది మేం.

మామూలు రోజుల్లోనైతే నేను ఇంత భయపడేదాన్ని కాదు. అప్పటికి పువ్వు రాలడం మొదలైంది. ఈ పిల్ల రోజూ చెట్టు కింద ఉంటుంది. బుర్ర మోగుతుంది, అందరూ ఆగుతారు, ఈ పిల్ల పక్కవాళ్ళను చూడకపోతే? ఆ ఒక్క ప్రశ్న నాతోపాటు మద్దేడ్‌లో నా అద్దెగది దాకా వచ్చి కూర్చుంది.

మర్నాడే తల్లిని కలిశాం. సన్నగా, గట్టిగా ఉండే మనిషి. ఇంటి ముందు పువ్వు ఆరబోస్తోంది. సంగతి చెప్పగానే చేయి ఆగింది కానీ మొహం మారలేదు.

"నా పిల్ల ఇంటది మేడమ్. సూడుండ్రి." పిల్లకు ఎదురుగా వెళ్ళి నిలబడి పిలిచింది. పిల్ల పరిగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకుంది. "సూసిండ్రా?"

"అలా కాదమ్మా, ఒకసారి వెనకనుంచి పిలువు."

"ఎనక నుంచి ఎందుకు పిలుస్త? నా బిడ్డను నేను ముందట నుంచే పిలుస్త."

"ఆసుపత్రికి తీసుకెళ్దాం. చెవి పరీక్ష చేస్తారు, అంతే. అందాకా చెట్టు కిందికి తీసుకెళ్ళకమ్మా."

"ఏడ ఇడిసిపెట్టాలె మరి? పువ్వు ఊకుంటదా? కాలం అయిపోనియ్యి, అప్పుడు సూద్దాం." చాట ఎత్తుకుని, పిల్లను ముందు నడిపించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

దారిలో కార్యకర్త అసలు సంగతి చెప్పింది. పక్క గుంపులో కళ్ళు కనబడని పిల్లాడిని ఎవరో పట్నం హాస్టల్లో చేర్పించారట. వాడు బాగానే చదువుకుంటున్నాడు. కాని సెలవులకు ఇంటికొస్తే తల్లి దగ్గర పడుకోనని ఏడ్చాడట. "ఆ కత ఈడ అందరికి ఎరుకే. మనం పోంగనే ఆమెకు గదే మతికొచ్చుంటది" అంది.

పిల్లను కేంద్రంలో కాదు, చెట్టు కిందే చూడాలని అప్పుడు తోచింది. అక్కడ ఈ పిల్ల ఎట్లా నెగ్గుకొస్తోందో కళ్ళారా చూస్తే తల్లికి చెప్పడానికి నా దగ్గర ఒక మాటైనా ఉంటుంది. మాట చాలా గొప్పగా ఉంది కదా? కార్యకర్త వెంట ఆ అడవి దారిన నడుస్తుంటే మాత్రం నా పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. ఎలుగు వస్తే ఏం చేయాలని అడిగాను. "ఏం జెయ్యొద్దు మేడమ్. గదే చెయ్యాల్సింది" అంది.

మేం చేరేసరికి తెల్లవారుతోంది. ఇప్పచెట్టు కింద ఆకులన్నీ ముందే తగలబెట్టి నేల నల్లగా చేసి ఉంచుతారు, రాలిన పువ్వు తెల్లగా కనబడాలని. ఆ మసి నేల మీద ఆడవాళ్ళు వంగి ఏరుతున్నారు. ఊరి ముసలమ్మ చెట్టు మొదట్లో కూర్చుని ఉంది, పక్కన సొరకాయ బుర్ర. పిల్లలు చిన్న చిన్న బుట్టలతో తిరుగుతున్నారు. మా పిల్ల పట్టీలు ఘల్లుఘల్లుమంటున్నాయి.

కాసేపు చూశాక ఒక వింత గమనించాను. మిగతా ఆడవాళ్ళు పువ్వు ఎటుంటే అటు తిరుగుతున్నారు. ఈ తల్లి మాత్రం ఎటు జరిగినా మొహం కూతురి వైపే. పిల్ల కుడికి పోతే తను ఎడమకు జరిగేది. పక్కన కుప్పగా పువ్వు పడి ఉన్నా, దానికోసం బిడ్డకు వీపు పెట్టాల్సి వస్తే వదిలేసేది. పిల్ల కూడా నాలుగు పువ్వులేరి తలెత్తి తల్లిని చూసేది, మళ్ళీ నాలుగేరి మళ్ళీ చూసేది. నాకు విషయం అర్థమవుతుండగానే బుర్ర మోగింది.

టక్ టక్.

చెట్టు కింద కదలిక మొత్తం ఆగిపోయింది. వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. వాగు వైపు పొదల్లోంచి ముందు గురకలాంటి ఊపిరి వినబడింది, తర్వాత అది బయటికొచ్చింది. అంత నల్లటిది, అంత జుట్టున్నది నేను అంతకుముందు చూడలేదు, ఇక చూడను కూడా. తల దించుకుని నేల వాసన చూసుకుంటూ పువ్వు తింటోంది.

మా పిల్ల దానికి అందరికంటే దగ్గరగా ఉంది. దానివైపు వీపు పెట్టి, తల వంచుకుని, తన మానాన తను ఏరుకుంటోంది. పక్కన చూసి ఆగడానికి పక్కన ఇంకో పిల్ల లేదు. అడుగు వేసినప్పుడల్లా పట్టీలు మోగుతున్నాయి. ఆ చప్పుడు తనదేనని ఆ పిల్లకు తెలియదు. ఎలుగు తల ఎత్తింది.

నా సంచిలో గంట ఉందని అప్పుడు గుర్తొచ్చింది. నేను వణుకుతుంటే అదీ కదులుతోంది. సంచిలోకి చేయి పోనిచ్చి, గుడ్డలోంచి వేళ్ళు దూర్చి, గంట నాలుకను గట్టిగా పట్టుకున్నాను. రెండో చేత్తో కొంగు నోట్లో కుక్కుకున్నాను. అరవాలనుంది. అరిస్తే ఎలుగు పిల్ల మీదికి దూకుతుంది. అరిచినా పిల్లకు వినబడదు. దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క పేరూ గుర్తు రాలేదు.

తల్లి అరవలేదు, పరిగెత్తలేదు. పిల్లకు ఎదురుగా, చాలా మెల్లగా బుట్ట కింద పెట్టింది. మెల్లగా గొంతుక్కూర్చుంది. రెండు అరచేతులూ నేలకు ఆనించింది. కళ్ళు మాత్రం పిల్ల నడినెత్తి మీద నిలిపింది. అలా ఎదురుచూస్తోంది.

పిల్ల ఒక పువ్వు ఏరింది. ఇంకోటి ఏరింది. ఇంకో అడుగు వేసింది. పట్టీలు మోగాయి. ఎలుగు ముట్టె గాల్లోకి ఎత్తి ఒక అడుగు ముందుకు వేసింది. తలెత్తు తల్లీ, ఒక్కసారి తలెత్తు అని లోపల్లోపల ఏడుస్తున్నాను. కార్యకర్త గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి.

పిల్ల తలెత్తి తల్లిని చూసింది.

తల్లి కదల్లేదు. పిల్ల ఆ ఆకారాన్ని ఒక క్షణం చూసి, తనూ గొంతుక్కూర్చుంది. రెండు చిన్న అరచేతులూ మసి నేలకు ఆనించింది. పట్టీల చప్పుడు ఆగిపోయింది. తల్లీ కూతుళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. ఎలుగు ఇటూ అటూ వాసన చూసింది, ఇంకాసేపు పువ్వు తింది, మా అందరికీ పిరుదులు చూపించి వాగులోకి దిగిపోయింది. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు.

అది వెళ్ళాక తల్లి లేచి వెళ్ళి పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. వెంటనే ఎత్తుకుని గుండెకు అదుముకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే నా దగ్గరికొచ్చింది.

"రాస్కో మేడమ్. నా బిడ్డకు ఇనపడదు. పొత్తిళ్ళల్ల ఉన్నప్పటి నుంచి నాకెరుకే. పట్టీలు గూడ గందుకే కట్టిన, ఏడున్నదో నాకు ఎరుకుంటదని. నడక వచ్చిన కాన్నుంచి ఒక్కనాడు దానికి వీపు పెట్టలే." కొంగుతో మొహం తుడుచుకుంది. "తీస్కపోతరా దాన్ని?"

ఏ మాట ఇవ్వడానికైనా భయమే నాకు. అయినా ఆ వేళ నోరు దానంతటదే తెరుచుకుంది. "ఇద్దరూ కలిసే బస్సెక్కుతారు. ఇద్దర్నీ నేనే అదే బస్సులో తిరిగి తీసుకొస్తాను" అన్నాను.

ఆసుపత్రిలో పరీక్ష చేసే అమ్మాయి తల్లిని పిల్ల వెనక నిలబడమంది. ముందుంటే పిల్ల తల్లి మొహం చూసి తెలుసుకుంటుందట. ఆ హిందీ మాటను నేను తెలుగులో చెబితే తల్లి నన్ను తేరిపార చూసింది. "ఎనకకా?" అంది. ఆ గదిలో ఏ ఎలుగూ లేదు, అయినా ఒక్కో అడుగూ వెతుక్కుంటూ వెళ్ళి నిలబడింది. పిల్ల చటుక్కున వెనక్కి తిరిగింది. "విన్నది, విన్నది!" అన్నాడు అక్కడ సాయంగా ఉన్న కుర్రాడు. వినలేదు నాయనా, అమ్మ కనబడకపోతే తిరిగింది. చివరికి తేలిందేమిటంటే వినికిడి కొద్దిగా మిగిలి ఉంది, చెవికి యంత్రం పెడితే గట్టి చప్పుళ్ళు అందుతాయి, మెల్లమెల్లగా మాటలూ అందవచ్చు.

ఇక మిగిలింది మా అధికారి. హాస్టల్లో వేసేస్తే కేసు ముగిసిపోతుంది కదా అన్నాడు. ఎలుగు ముందు నిలబడినప్పటికంటే ఆ బల్ల ముందు నిలబడినప్పుడే నా కాళ్ళు ఎక్కువ వణికాయి. "సార్, ఆ పిల్ల రోజంతా చదివేది ఒక్క వాళ్ళమ్మ మొహాన్నే. అది లాగేసుకుంటే దానికి ఏ బడీ మిగలదు. యంత్రం ఇప్పించండి, మిగతా నేర్పడం మా కేంద్రంలో చూసుకుంటాం" అన్నాను. ఆయన విసుక్కున్నాడు, నసిగాడు, ఆఖరికి సంతకం పెట్టాడు. బయటికొచ్చి గుమ్మం దగ్గరే కూలబడ్డాను. నా మొత్తం ఉద్యోగంలో అధికారికి ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే.

యంత్రం రావడానికి వానాకాలం గడిచిపోయింది. వచ్చాక దాన్ని పిల్ల పీకి పారేయడం, కార్యకర్త మళ్ళీ పెట్టడం, చెమటకు అది మొరాయించడం, అదంతా ఒక భారతం. ఆ కష్టమంతా కార్యకర్తదే. నాకు మిగిలింది భయం. యంత్రం చెవిలో ఉంది, ఎలుగు అడవిలోనే ఉంది. ఏ వేళ ఏది ఆగిపోతుందో ఎవరికి తెలుసు?

మళ్ళీ పువ్వు కాలం వచ్చింది. నా రిటైర్మెంటు దగ్గర పడింది. ఒక తెల్లవారుజామున మళ్ళీ ఆ చెట్టు కిందికి వెళ్ళాను, ఈసారి గంట ఇంట్లో పెట్టి. మసి నేల మీద పిల్ల చెవిలో యంత్రంతో పువ్వు ఏరుతోంది, పట్టీలు మోగుతున్నాయి. తల్లి ఎప్పటిలాగే ఎదురుగా ఉంది. నన్ను చూసి లేచింది. ముసలమ్మ పక్కనున్న సొరకాయ బుర్ర, పుల్ల తీసుకుంది. చెట్టు అవతలి వైపుకు నడిచి, అడవి వైపు మొహం పెట్టి నిలబడింది. బిడ్డకు వీపు పెట్టి.

కార్యకర్త ఊపిరి బిగబట్టింది. వద్దమ్మా అనబోయి ఆగాను. పిల్ల తల వంచుకుని ఏరుతూనే ఉంది.

టక్ టక్.

పట్టీల చప్పుడు ఆగిపోయింది.

తల్లి వెనక్కి తిరిగి చూడలేదు. ఆగిన ఆ చప్పుడునే వింటూ అటే నిలబడింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. వెనక పిల్ల మసి నేలకు చేతులానించి, కళ్ళు నేల మీదే పెట్టుకుని, ఊరందరి పిల్లల్లాగే కూర్చుని ఉంది. నేను ఫోన్ తీశాను. వెనక చప్పుడైతే తల తిప్పుతుందా అన్న ప్రశ్న అలాగే ఉంది. తిప్పలేదు.